కలకత్తాలో సూదివైద్యము

కలకత్తా యనగానే మన స్త్రీలకు మొదట కాళీఘట్టమును, పిమ్మట దక్షిణేశ్వరమును, ఆ వెనుక దుర్గాపూజయు జ్ఞప్తికి వచ్చును. 2001వ సంవత్సరమునుండి ఆ నగరమునకు కోల్‌కతా యను పేరు స్థిరపడినను మన యిండ్లలో నేటికిని అది కలకత్తాయే. అచ్చటి దేవాలయములను, భవనములను చూచివచ్చినవారు పెక్కురు వర్ణించియున్నారు గనుక మేము వానిని మరల వర్ణింపబోవుట లేదు. ఈ వేసవిలో మేము కలకత్తాకు పోయినది యొక మెడనొప్పి నిమిత్తము. ఆ నొప్పి వెంట నడచిన మాకు సామాన్య యాత్రికులకు కానరాని దారి యొకటి కానవచ్చినది. ఆ దారి చీనా దేశమువరకు పోయి, తిరిగి మన వంటయింటికే వచ్చి చేరినది.

నొప్పి మా వదినెగారిది. వారు ఖరగ్‌పూరులో నుందురు. అన్నయ్యగారు అచ్చటి రైల్వే కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి పొందిరి. ఖరగ్‌పూరు వంగదేశములో నున్నను తెలుగువారికి పరాయి యూరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండియు మన కోస్తా జిల్లాల కుటుంబములు అనేకము అచ్చట స్థిరపడినవి. అంగడిలో తెలుగున బేరమాడవచ్చును. వీధిలో తెలుగు పలుకరింపులు వినవచ్చును. ఆ స్టేషను ప్లాట్‌ఫారము 1,072 మీటర్ల పొడవు గలది. ప్రపంచములో నెల్ల పొడవైనదను కీర్తి చాలకాలము దానికుండెను. ఇప్పుడా కీర్తి కర్ణాటకమందలి హుబ్బళ్లికి పోయినది. ఆ పొడవాటి ప్లాట్‌ఫారముపై మమ్ము చూచుటకు వదినెగారు తల త్రిప్పలేక మనిషి మొత్తము తిరుగుట చూచి మాకు మనసు చివుక్కుమన్నది.

ఎనిమిదేండ్లనుండి వారి మెడయు, కుడిభుజమును పట్టియున్నవి. జడ వేసికొనుటకు చేయి పైకి లేవదు. రాత్రి ప్రక్క మార్చుకొన్నపుడెల్ల మెలకువ వచ్చును. ఒకరు నరము పట్టినదనిరి, ఒకరు వాతమనిరి, ఒకరు వయసనిరి. ఫొటో తీయించగా ఎముకలలో చెప్పుకోదగిన దోషము లేదని తేలినది. ఎముకలో దోషము లేదని తేలిన నాటినుండి ఇంటిలో ఆ నొప్పికి విలువ పోయినది. నొప్పి యున్నది గాని రోగము లేదు. రోగము లేదు గనుక విశ్రాంతియు లేదు. ఇట్టి స్థితిలో నున్న స్త్రీలు మన బంధువర్గములో ఎందరున్నారో చదువరులే లెక్కించుకొందురు గాక. ఇరుగుపొరుగు బెంగాలీ స్త్రీ యొకామె తన నడుమునొప్పి సూదివైద్యముతో తగ్గినదని చెప్పుటచే వదినెగారికి ఆశ పుట్టినది. మా వారికి సెలవులు గనుక మేము తోడు పోవుటకు నిశ్చయించుకొంటిమి.

ఖరగ్‌పూరునుండి హౌరాకు లోకల్ రైలులో మూడు గంటల ప్రయాణము. కోలాఘాటువద్ద రూపనారాయణ నది గోధుమరంగు నీటితో విశాలముగా పారుచుండును. ఆ పిమ్మట చెరువులు, అరటితోపులు, పూలతోటలు. తెల్లవారుజాము రైలులో పూలబుట్టలతో నెక్కిన స్త్రీలు క్రిందనే కూర్చుండి బంతిపూలదండలు గ్రుచ్చుచుండిరి. అందరి తలలును వంగియున్నవి. ఒకామె నడుమ నడుమ దండ ఒడిలో పెట్టి, ఎడమచేతితో కుడిభుజమును పిసుకుకొనుచుండెను. వదినెగారు మావంక చూచి నవ్విరి. నొప్పిగలవారు నొప్పిగలవారిని వేగమే గుర్తింతురు.

హౌరా వంతెన 1943లో తెరవబడినది. నదిలో నొక్క స్తంభమైన లేకుండ రెండు గట్టులమీది బలముచేతనే నిలిచిన ఆ యుక్కు నిర్మాణముపై కూలివారు తలలపై బుట్టలతో నడచుచుందురు. వంతెన దిగువనున్న మల్లిక్ ఘాటు పూలసంతకు పోయి కొంతసేపు వారినే చూచుచు నిలుచుంటిమి. తలపై చుట్టకుదురు, దానిపై పెద్ద బుట్ట, మెడ నిటారు, చూపు ముందునకు. తలబరువు మనలో ప్రతివానికిని ఇంచుమించు అయిదు కిలోలుండును. మెడ నిటారుగా నున్నంతవరకు ఆ బరువును ఎముకల దొంతరయే మోయును. మెడ ముందునకు వంగిన కొలదిని ఆ భారము వెనుకటి కండరములపై పడును. 60 డిగ్రీలు వంగినచో ఆ భారము 27 కిలోలకు సమానమగునని 2014లో ప్రకటింపబడిన యొక లెక్క. తలపై బుట్ట నెత్తుకొన్న కూలివానికి తాను బరువు మోయుచున్నానని తెలియును. అతడు మధ్యలో దింపి సేదదీరును. కత్తిపీట ముందు, కుట్టుమిషనుపైన, ఒడిలోని ఫోనుపైన తల వంచుకొన్న స్త్రీకి తాను బరువు మోయుచున్నట్లే తెలియదు. తెలియని బరువును దింపుట యెట్లు?

మొదటినాడు వైద్యురాలిని చూచుటకు మధ్యాహ్నమువరకు వ్యవధి యుండుటచే తిరెట్టా బజారను చీనావారి పాతపేట చూచితిమి. హుగ్లీ యొడ్డున బజ్‌బజ్ సమీపమున 18వ శతాబ్ది చివర టాంగ్ అచ్యూ యను చీనా వర్తకుడు వారన్ హేస్టింగ్సువలన భూమి పొంది చక్కెర మిల్లు పెట్టెను. అతని పేరిటనే ఆ గ్రామము నేటికిని అచీపూరు. ఆతని పిమ్మట వచ్చినవారు వడ్రంగము, చెప్పులపని, తోళ్లపని, దంతవైద్యము చేసికొని బ్రతికిరి. 1962 యుద్ధకాలమున మన దేశమున బుట్టిపెరిగిన చీనావారిని సైతము అనుమానించి, సుమారు మూడువేలమందిని రాజస్థానమందలి దేవళీ శిబిరమున నిర్బంధించిరి. తరువాత పెక్కురు దేశము విడచిపోయిరి. ఇప్పుడాపేటలో ఎఱ్ఱని ద్వారముల గుళ్లు కొన్ని, తెల్లవారుజామున ఆవిరిపై నుడికించిన పిండివంటలమ్ము కొద్దిపాటి సంతయు మిగిలినవి.

సూదివైద్యము చీనావారిది గనుక దానిని కలకత్తాకు ఈ పేటవారే తెచ్చియుందురని మేమనుకొంటిమి. విచారింపగా కథ వేరైనది. 1938లో జపాను దండయాత్రచే నలుగుచున్న చీనాకు మన కాంగ్రెసు, సుభాస్ చంద్రబోసుగారు అధ్యక్షులై యుండగా, అయిదుగురు వైద్యులను పంపెను. వారిలో షోలాపూరు వాస్తవ్యులైన ద్వారకానాథ కోట్నీసుగారు గాయపడిన సైనికులకు రేయింబవళ్లు చికిత్స చేసి, 1942లో 32 ఏండ్ల వయసుననే అక్కడనే కన్నుమూసిరి. వారి చరిత్రను శాంతారాంగారు 1946లో చిత్రముగా తీసిరి. అదే బృందమున పోయిన కలకత్తా వైద్యులు విజయకుమార బసుగారు 1943లో తిరిగివచ్చిరి. వారు తరువాత మరల చీనాకు పోయి, సూదివైద్యము నభ్యసించి, 1959లో కలకత్తాలో ప్రారంభించిరి. మన వైద్యులు చేసిన సేవకు ప్రతిగా వచ్చిన వాయనమువలె ఈ విద్య మనకు వచ్చినదన్నమాట. పశ్చిమ వంగ రాష్ట్రము 1996లో ఈ వైద్యమునకు ప్రత్యేక చట్టము చేసినది.

మేము పోయిన చికిత్సాలయము ఇరుకుసందులో మొదటి యంతస్తున నున్నది. వైద్యురాలు నలువది యేండ్ల బెంగాలీ స్త్రీ. వదినెగారిని "మాషీమా" యని పిలిచెను; అనగా పిన్నమ్మ యని యర్థము. నాడి చూచి, నాలుక చూచి, పిమ్మట "ఏమి పని చేయుదురు?" అని యడిగెను. వదినెగారు అలవాటైన సమాధానమే చెప్పిరి. "నేనేం పని చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను."

వైద్యురాలు నవ్వలేదు. కాగితము కలము తీసికొని, లేచినది మొదలు చెప్పుమనెను. చెప్పిన కొలది కాగితము నిండినది. చీపురుతో వంగి ఊడ్చుట. కొళాయి వచ్చు వేళకు కుడిచేతితో బకెట్లు మోయుట. తనకు ఎత్తైన వంటగట్టుపై భుజములెత్తి చపాతీలు వత్తుట. తలకు మించిన యెత్తున నున్న దండెముపై తడిబట్టలు వేయుట. మనుమడిని ఎల్లపుడు కుడిచంకనే ఎత్తుకొనుట. రాత్రి మంచముపై ఒడిలో ఫోను పెట్టుకొని తెలుగు సీరియళ్లు చూచుట. రెండు తలగడలపై పండుకొనుట. వైద్యురాలు కాగితము మా వారి చేతికిచ్చి, "రోగము ఇందులో వ్రాసియున్నది" అనెను. ఎనిమిదేండ్లుగా ఎవరును అడుగని ప్రశ్న అది. వదినెగారి కన్నులు చెమర్చినవి.

అటుపిమ్మట ఆమె భుజముపై వ్రేలితో నొక్కుచు పోయి యొకచోట నిలిపెను. వదినెగారు "అమ్మా" అనిరి. నొప్పి అచ్చటనేగాక చెవివెనుకకును, కణతకును ప్రాకినదట. మా వ్రేలితో మేమును తాకి చూచితిమి. చర్మము క్రింద బిగిసిన తాడువంటి కండ, ఆ తాడులో శనగగింజంత ముడి. మనము "నరము పట్టినది" యని చెప్పుకొనునది చాలసారులు నరము కాదు, ఈ కండముడియే. ఇట్టి ముడులను, వానినుండి నొప్పి ప్రాకు దారులను జానెట్ ట్రావెల్ అను అమెరికా వైద్యురాలు జీవితమంతయు పరిశోధించి, డేవిడ్ సైమన్సుతో కలిసి 1983లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. అమెరికా అధ్యక్షుడు కెనెడీగారి నడుమునొప్పికి చికిత్స చేసినది ఆమెయే.

ఈ ముడులేల పడునో వైద్యురాలు చెప్పిన సంగతి మా మనసున నాటుకొన్నది. కండరములో సన్నని పోగులు వేలకొలదిగా నుండును. పని తేలికయైనపుడు అన్ని పోగులును పనిచేయవు. చిన్నపోగులు కొన్ని మాత్రమే ముందుగా లేచును. పని పెరిగినచో పెద్దపోగులు తోడగును. తగ్గినచో పెద్దవి ముందుగా విశ్రమించును. చిన్నవి మాత్రము కండ పూర్తిగా సడలువరకు పనిచేయుచునే యుండును. తేలికపనియే గదా యని రోజంతయు చేసినచో ఆ చిన్నపోగులకు ఊపిరి సలుపదు. హెగ్ అను స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు 1991లో ఈ సిద్ధాంతమును ప్రతిపాదించి, ఆ పోగులకు సిండ్రెల్లా యని పేరు పెట్టెను. సిండ్రెల్లా యనగా పాశ్చాత్యుల కథలో సవతితల్లి యింట అందరికన్న ముందు లేచి, అందరికన్న వెనుక పండుకొను పిల్ల. ఈ మాట విని వదినెగారు, "కండల్లో కూడా కోడళ్లున్నారన్నమాట" అనిరి. నవ్వితిమి గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

కండనొప్పి యంతయు ఒక్క తీరుది కాదు. అలిపిరి మెట్లు సుమారు 3,550 ఎక్కి దిగివచ్చినవారికి మరునాడును, మూడవనాడును తొడలు పట్టి కూర్చుండ లేవలేకుండుట అందరు నెరిగినదే. ఎక్కుటకన్న దిగుటయే దానికి ముఖ్యకారణము. దిగునపుడు కండ సాగుచునే బరువు నాపవలసియుండుటచే పోగులలో సూక్ష్మమైన గాయములగును. లాక్టిక్ ఆమ్లము నిలిచియుండుటచే ఆ నొప్పి కలుగునని పూర్వము చెప్పెడివారు. ఆ యామ్లము గంట రెండు గంటలలోనే తొలగిపోవునని పిమ్మట తెలిసినది. ఇట్టి నొప్పి నాలుగైదు దినములలో దానంతట మానును. మెల్లగా నడచుటయే దానికి మందు. ఇక ఒళ్లంతయు నొప్పులుండుటకు థైరాయిడ్ మందగించుట, విటమిన్ డి కొరత, కొలెస్టరాలు తగ్గించు స్టాటిన్ మాత్రలు, నిద్రలేమి, విషజ్వరములు మొదలగు కారణములు గూడ గలవు. అందుచేత ఆ వైద్యురాలు సూది తీయకమునుపు రక్తపరీక్షలు చేయించుకొని రమ్మనెను. విటమిన్ డి తక్కువయని తేలి దానికి వేరుగ మందిచ్చిరి. పరీక్షింపక సూదికి పోవు వైద్యునికంటె పరీక్షించినవారే నమ్మదగినవారని మేమందువలన గ్రహించితిమి.

రెండవసారి పోయినపుడు చికిత్స ప్రారంభమైనది. గదిలో మూరెడు ఎత్తుగల బొమ్మ యొకటి యుండెను. దాని ఒడలంతయు గీతలు, గీతలపై చుక్కలు. చీనా వైద్యగ్రంథముల ప్రకారము ప్రాణశక్తి కొన్ని మార్గముల ప్రవహించును. మార్గము మూసికొనినచో నొప్పి పుట్టును. ఈ సిద్ధాంతమును చెప్పు మూలగ్రంథము ఇంచుమించు రెండువేల యేండ్లనాటిది. సుంగ్ చక్రవర్తుల కాలమున, 1027 ప్రాంతమున, వాంగ్ వేయీ యను వైద్యుడు మనిషియంత కంచుబొమ్మను పోయించి స్థానములన్నిటను రంధ్రములు పెట్టించెను. బొమ్మపై మైనము పూసి, లోపల నీరు నింపి, విద్యార్థిచేతికి సూది నిచ్చెడివారట. సరియైనచోట గ్రుచ్చినచో నీరు కారును. తప్పినచో సూది దిగదు. ఎంత చక్కని పరీక్ష! అంతటి విద్యను 1822లో చీనా చక్రవర్తియే తన ఆస్థాన వైద్యశాలనుండి తొలగించెను. పుట్టినింట నిరాదరణ పొంది, తిరిగి గత శతాబ్దిలో అది తలయెత్తినది. 2010లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఆ చుక్కల పేర్లు వినుట మాకు మిక్కిలి యింపైనది. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ స్థానము పేరు "కలిసిన లోయ". మోచేతి మడతవద్దిది "వంకర కొలను". పిక్కపైది "కొండకు ఆసరా". అరికాలిలోనిది "ఉబుకు ఊట". భుజముపై, వదినెగారికి ముడి యున్న తావు పేరు "భుజపు బావి". మోకాలి దిగువదానికి "మూడామడ" వంటి పేరు. నడిచి నడిచి అలసినవాడు అచ్చట నొక్కుకొన్నచో మరికొంత దూరము పోగలడని చెప్పుదురు. మనిషి ఒడలిని కొండలు, లోయలు, బావులుగల యొక దేశముగా వారు చూచిరి. యాత్ర పేరిట వచ్చిన మేము ఆ బల్లముందు నిలిచి మరియొక దేశపు పటమును చదివినట్లైనది.

సూది కుట్టుసూదివంటిది కాదు. వెండ్రుకకంటె కొంచెము లావు, మిల్లీమీటరులో నాల్గవవంతు మాత్రము. దానిలో మందేమియు నుండదు. మూసియున్న కాగితపు సంచిని మా యెదుటనే చింపి తీసిరి. పని తీరినపిదప పారవేసిరి. మెడకు, చేతికి, కాలికి కలిపి తొమ్మిది సూదులు. చీమ కుట్టినంత, ఆపై బరువుగా గుంజినట్లుండెనని వదినెగారనిరి. "భుజపు బావి"లో మాత్రము కండను వ్రేళ్లతో పైకెత్తిపట్టి మిక్కిలి పైపైన గ్రుచ్చిరి. దాని క్రిందనే ఊపిరితిత్తి కొన యుండునట. నేర్పులేనివాడు లోతుగా గ్రుచ్చినచో దాని పొరకు గాయమై ప్రాణముమీదికి వచ్చును. అట్లగుట అరుదేగాని ఎరిగియుండదగిన సంగతి. దీపము తగ్గించి అర్ధగంట కదలవద్దనిరి. మేము బయట కూర్చుంటిమి. పదినిమిషములకే లోపలినుండి వదినెగారి గురక వినవచ్చినది.

మనలో కొందరు ఈ విద్య మన సుశ్రుతునిదేయనియు, మర్మములే ఆ చుక్కలనియు చెప్పుదురు. సుశ్రుతుడు 107 మర్మములను చెప్పిన మాట నిజమే. కాని అవి గాయపడినచో అపాయము కలుగును గనుక శస్త్రవైద్యుడు తప్పించుకొనవలసిన తావులని ఆతని యుపదేశము. తప్పించుకొనవలసినదియు, వెదకి గ్రుచ్చవలసినదియు ఒక్కటి యెట్లగును? మన శాస్త్రమునకు గౌరవము తెచ్చుటకు లేనిపోని చుట్టరికములు కల్పింపనక్కరలేదు.

ఇంతకును ఇది నిజముగా పనిచేయునా? ఈ ప్రశ్నకు జర్మనీలో జరిగి 2007లో ప్రకటింపబడిన పరీక్ష తగిన జవాబు చెప్పుచున్నది. చిరకాలపు నడుమునొప్పిగల 1,162 మందిని మూడు జట్లుగా చేసిరి. చీనా శాస్త్రము చెప్పిన చోట్ల సూదులు గ్రుచ్చినవారిలో నూటికి 47.6 మందికి ఆరునెలల పిమ్మట మేలు కనబడెను. శాస్త్రము చెప్పని చోట్ల పైపైన గ్రుచ్చినవారిలోను 44.2 మందికి మేలయ్యెను. మందులు, వ్యాయామము మొదలగు వాడుక చికిత్స పొందినవారిలో 27.4 మందికే. కావున సూదివలన మేలున్నది. ఆ మేలు చుక్కల మహిమయని మాత్రము చెప్పజాలము. సూది గ్రుచ్చినపుడు నాడులద్వారా మెదడునకు వార్త పోయి, ఒడలు తనంతట తాను నొప్పిని తగ్గించు ద్రవ్యములను విడుచునని శాస్త్రజ్ఞులందురు. ఇంతేగాక మా కంటికి మరియొకటి కనబడినది. వదినెగారు పగటివేళ, ఎవరును పిలువకుండ, అర్ధగంట కదలక పండుకొనుట ఎన్నేండ్లకో అది మొదటిసారి. ఆ అర్ధగంటలో సూది పాలెంత, విశ్రాంతి పాలెంత యని వేరుచేయగల త్రాసు మాకు కనబడలేదు.

వారమునకు రెండుసారుల చొప్పున మూడువారములు, ఆరుసారులు చికిత్స జరిగినది. మూడవసారికి మెడ తిరిగినది. నాల్గవసారికి రాత్రి నిద్ర పట్టినది. ఆరవసారి తిరిగివచ్చునపుడు రైలులో వదినెగారు తామే జడ వేసికొనిరి. మేము మురిసితిమి. ఆ వారముననే ఇంటికి చుట్టములు వచ్చిరి. ఎనిమిదిమందికి మూడుపూటల వంట, నీళ్లు, బట్టలు. వారు పోయిన మరునాడు ఉదయము భుజము మరల బిగిసినది. వదినెగారు, "నా ఖర్మ, సూదులూ అయిపోయాయి" అని కూర్చుండిరి. వైద్యురాలికి ఫోను చేయగా ఆమె యనిన మాట యిది: "సూది ముడిని విప్పును. ముడి వేయు చేయి ఇంటిలోనే యున్నది."

అప్పుడు మా వారు ఆ మొదటినాటి కాగితమును తీసి అన్నయ్యగారి ముందు పెట్టిరి. అన్నయ్యగారు కార్ఖానాలో నలువదేండ్లు పనిచేసినవారు, యంత్రములు తెలిసినవారు. మొదట కొంత చిన్నబుచ్చుకొనిరి. "అక్కడ బల్ల ఎత్తు తేడాగా ఉంటే పనివాడు సమ్మె చేసేవాడు" అని తమలో తామనుకొని లేచిరి. ఆనాడే దండెము భుజము యెత్తునకు దిగినది. వంటగట్టుముందు నిలుచుండుటకు అరజానెడు ఎత్తుగల చెక్కపీట వచ్చినది. దానిపై నిలుచున్నచో చపాతీ వత్తునపుడు భుజములు లేవవు. చీపురునకు పొడుగుకఱ్ఱ తగిలినది. బకెట్లు సగము సగము నింపి, రెండుచేతుల మార్చి మోయవలెననిరి. వారములో నాలుగురోజులు ఆ పని అన్నయ్యగారే చేయుచున్నారు. రెండవ తలగడ పెట్టెలోనికి పోయినది. ఫోను ఒడిలోనుండి బల్లపైకెక్కినది. గంటకొకసారి భుజములు వెనుకకు ఆరుసారులు త్రిప్పి, గడ్డమును లోనికి లాగి మెడ నిటారు చేయుట, రాత్రి వేడినీటి సంచితో కాపు. అన్నిటికన్న కష్టముగా నెగ్గిన నియమము మాత్రము వేరు. మధ్యాహ్నము అర్ధగంట వదినెగారు పండుకొన్నపుడు ఇంటిలో నెవ్వరును పిలువరాదు. ఈ నియమమును మొదట మీరినవారు వదినెగారే! పాలు పొంగునేమోయని రెండుసారులు లేచిరి.

రెండు నెలలు గడచినవి. నొప్పి సమూలముగా పోయినదని మేము వ్రాయము. నెలకొకసారి సూదులకు పోవుచున్నారు, చేయి తలపైకి లేచుచున్నది, రాత్రులు నిద్రపోవుచున్నారు. నూటికి అరువదిపాళ్లు తగ్గినదని వదినెగారి లెక్క. ఆ అరువదిలో నలువది చెక్కపీటదని అన్నయ్యగారి లెక్క.

సోదరీమణులు ఈ చికిత్సకు పోదలచినచో కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. క్రొత్తసూది మీ యెదుట విప్పనిచోట చేయి చాపవద్దు. గర్భిణులును, రక్తము పలుచనగుటకు మాత్రలు వేసికొనువారును ముందే చెప్పవలెను. ఛాతిలో నొప్పి పుట్టి ఎడమభుజమునకో దవడకో ప్రాకి చెమటలు పట్టినచో అది కండనొప్పి యని ఇంట కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. చేతికో కాలికో బలము తగ్గినను, ఒక పిక్క మాత్రమే వాచి వెచ్చనైనను, జ్వరముతో మెడ బిగిసినను, మూత్రము నల్లబడినను సూదులతో ప్రొద్దుపుచ్చరాదు.

కలకత్తా పోలేనివారు ఆ వైద్యురాలు చేసిన మొదటి చికిత్సను ఖర్చులేకుండ ఇంటనే చేసికొనవచ్చును. లేచినది మొదలు పండుకొనువరకు చేయు పనులన్నియు ఒక కాగితముపై వ్రాయుడు. ఎక్కడ వంగుదురో, ఎక్కడ చేయెత్తుదురో, ఏ వైపున బరువు మోయుదురో ప్రక్కన గుర్తు పెట్టుడు. ఆ కాగితమును పెట్టెలో దాచుకొనక ఇంటివారికందరకు చదివి వినిపింపుడు. "నేనేమి పని చేయుచున్నాను" అను మాట ఆ తరువాత మీ నోట వచ్చునేమో చూడుడు.